“ఎన్న వేణుం?” అంటే పొమ్మనడం కాదు

ప్రశ్న: అక్కా, మాది కావలి. నాకు 63 ఏళ్లు. రెండేళ్ల కిందట ఇంటికి తాళం వేసి, మా ఆయనా నేనూ చెన్నై వచ్చేశాం. పెరంబూరులో కొడుకు దగ్గర ఉంటున్నాం. పిల్లలిద్దరూ ఆఫీసులకి వెళ్లిపోతే ఇంట్లో పొద్దుపోదు. కావలిలో వారానికో నవల చదివేదాన్ని. మా ఆయనకి పేపరు చూడందే కాఫీ దిగేది కాదు. ఇప్పుడాయన చూపు బాగా తగ్గింది, ఇంతకంటే మెరుగవదని డాక్టరు చెప్పేశారు. మనవరాలికి 8 ఏళ్లు. బళ్లో తమిళం, ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరమ్ముక్క రాదు. మా వీధి చివర గవర్నమెంటు లైబ్రరీ ఉందని తెలిసి ధైర్యం చేసి వెళ్లాను. కౌంటర్లో ఆవిడ గట్టిగా “ఎన్న వేణుం?” అంది. నాకు నోరు పెగల్లేదు. “తెలుగు” అన్నాను. చెయ్యి ఊపింది. వచ్చేశాను. “ఫోన్లో అన్నీ ఉంటే లైబ్రరీ ఎందుకమ్మా” అంటాడు మా అబ్బాయి. పక్క రాష్ట్రం వాళ్లం, మాకక్కడ హక్కుంటుందా? ఉన్నా నాకేం దొరుకుతుంది? ఇంకొకటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. కావలి లైబ్రరీ పుస్తకం ఒకటి ఇరవై ఏళ్లుగా నా పెట్టెలోనే ఉండిపోయింది.
– ఒక చెల్లెలు, పెరంబూరు

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ “ఎన్న వేణుం” సంగతి తేల్చేద్దాం. “ఏం కావాలి” అని అర్థం, అంతే. చెన్నైలో కూరగాయల బండి దగ్గరా అదే మాట, అదే గొంతు. మన నెల్లూరు చెవికి అది కసిరినట్టు వినిపిస్తుంది. పెళ్లయి గూడూరు నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో పాల బూతు దగ్గర ఆ మాటకే నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. తర్వాత 29 ఏళ్లు లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చుని వచ్చిన వాళ్లందర్నీ నేనూ అదే అడిగాను. బహుశా అదే గొంతుతో.

ఆవిడ అడిగింది ప్రశ్న. మీరిచ్చిన జవాబు ఒక్క మాట. “తెలుగు” అంటే ఆవిడకి ఏమర్థమవుతుంది? మీరు తెలుగువారనా, తెలుగు పుస్తకం కావాలనా, తెలుగు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అనా? చెయ్యి ఊపడం “లేదు” కావచ్చు, “అటు వెళ్లి చూడండి” కూడా కావచ్చు. మీరు అటు వెళ్లలేదు, ఇటు వచ్చేశారు.

నా తప్పొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక పెద్దాయన వచ్చి పాత తెలుగు వ్యాకరణం పుస్తకం అడిగారు. నేను బీరువా వైపు తలైనా తిప్పకుండా “లేదండీ” అన్నాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆర్నెల్లకి స్టాకు లెక్క చూస్తుంటే అది తమిళ పుస్తకాల మధ్య దొరికింది. అట్ట మీది అక్షరాలు చదవలేని వాళ్లెవరో చోటు దొరికిన చోట పెట్టేశారు. ఆయన మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ నేను నమ్మేది ఇదే: కౌంటర్లో “లేదు” అన్నారంటే చాలాసార్లు “నేను వెతకలేదు” అని. కాబట్టి “లేదు” వినగానే చెప్పులు వేసుకోకండి. “ఇక్కడ లేకపోతే ఎక్కడుంటుంది?” అని రెండో ప్రశ్న అడగండి. లైబ్రరీ ఉద్యోగంలో అసలు పని ఆ రెండో ప్రశ్నతోనే మొదలవుతుంది.

హక్కు మాటకొస్తే, మీరు అడగాల్సింది కాదసలు. మీ అబ్బాయి కట్టే ఇంటిపన్నులో లైబ్రరీ సెస్ అని ఒక చిన్న మొత్తం కలిసి ఉంటుంది. అద్దె ఇల్లయితే ఓనరు కడతాడు, అది మీ అద్దెలోనే ఉందనుకోండి. ఈ ఏర్పాటు 1948లో వచ్చిన మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం నాటిది. అప్పటికి మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కదా, ఆ చట్టం మన వైపుకీ వర్తించింది. అంటే మీ కావలి లైబ్రరీకీ పెరంబూరు లైబ్రరీకీ పునాది ఒకటే. మీరు పరాయింటికి వెళ్లలేదు, పిన్నిగారింటికి వెళ్లారు. ఆ పిన్నిగారికి మీరెవరో తెలియలేదు, అంతే.

లోపల కూర్చుని పేపరు, పత్రికలు చదువుకోవడానికి కార్డూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. చాలామందికి ఈ సంగతే తెలియదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటేనే మెంబరు కావాలి. దరఖాస్తు, ఫొటో, చిరునామా రుజువు, కొద్దిపాటి డిపాజిట్ అడుగుతారు. డిపాజిట్ రసీదు పారేయకండి, మానేసిన రోజు అదే అడుగుతారు. మీ దగ్గర చిక్కొచ్చేది చిరునామాతోనే. మీ ఆధార్లో ఇంకా కావలి ఇల్లే ఉందనుకుంటా. అలాగైతే మీ అబ్బాయి పేరు మీద కార్డు తీసుకుని మీరు వాడుకోండి. ఇంట్లోవాళ్ల కార్డు మీద పుస్తకం ఇవ్వడానికి కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. అయినా మొదటిరోజు అబ్బాయిని వెంటబెట్టుకు వెళ్లి ఒకమాట చెప్పించడం మంచిది. అన్నట్టు, తమిళనాడు బ్రాంచి లైబ్రరీల్లో వారం సెలవు మామూలుగా శుక్రవారం. మీరు ఆదివారం మూసుంటుందనుకుని శుక్రవారం బయల్దేరతారేమో!

ఇక తెలుగు పుస్తకం. నిజం చెప్పాలంటే మీ వీధి లైబ్రరీలో ఓ అర బీరువా ఉంటే గొప్ప. పెరంబూరులో రైల్వే పనులకని తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లున్నారు కాబట్టి బొత్తిగా లేకపోవచ్చనుకోను. అక్కడ కోరికలు రాసే రిజిస్టరు ఒకటుంటుంది. అందులో “తెలుగు పుస్తకాలు కొనండి” అని రాస్తే పని జరగదు. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు రాయాలి. కొనుగోలు జాబితా తయారుచేసే మనిషికి పేర్లు కావాలి, మన అభిమానం అక్కర్లేదు. తెలుగు పేపరు వేయించమని అడగాలంటే మీ అపార్టుమెంట్లోనూ పక్క వీధిలోనూ ఉన్న తెలుగు ఇళ్లవాళ్లు ఓ పదిమంది సంతకాలు పెట్టి కాగితం ఇవ్వండి. ఒక్కరు అడిగితే సరదా అనుకుంటారు, పదిమంది అడిగితే ఫైలు కదులుతుంది. లోపలికి వెళ్లగానే గోడ మీద పేర్ల బోర్డు ఒకటి కనిపిస్తుంది చూడండి, “పురవలర్” అని. వెయ్యి రూపాయలు విరాళం ఇచ్చిన పోషకుల పేర్లవి. ఆ బోర్డు మీద తెలుగు ఇంటిపేర్లు నేను చాలాచోట్ల చూశాను. ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా వెళ్లి తెలుగు పుస్తకం అడిగి ఉంటే ఆ అర బీరువా ఈపాటికి నిండేది కాదా అనిపిస్తుంది.

వీధి లైబ్రరీ చాలకపోతే ఎగ్మోరు వెళ్లండి. పాంథియన్ రోడ్డులో మ్యూజియం ఆవరణలోనే కన్నెమరా లైబ్రరీ ఉంది. 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి. మిగతా మూడూ కోల్‌కతా, ముంబయి, ఢిల్లీల్లో ఉన్నాయి. ఏ భాషలో అచ్చయినా సరే పంపాలి. అంటే మన విజయవాడలో వేసిన నవలకీ అక్కడ చోటుంది. ప్రచురణకర్తలందరూ పద్ధతిగా పంపరనుకోండి. అయినా మీరు కాలేజీ రోజుల్లో చదివి మళ్లీ దొరకని నవల ఏదైనా ఉంటే మద్రాసులో వెతకాల్సిన మొదటి చోటు అదే. చట్టం కింద వచ్చిన కాపీలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. ఇంటికిచ్చే విభాగం వేరే ఉంది. దానికి వేరే మెంబర్‌షిప్. సంచి బయట పెట్టమంటారు కాబట్టి కళ్లజోడు, మందులు, చిల్లర చేతిలో ఉంచుకోండి. పెరంబూరులో లోకల్ రైలెక్కితే సెంట్రల్, అక్కడ మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోరు. అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకోండి, మోకాళ్లు బాగుంటే నడవచ్చు. పాత భవనంలో రంగు అద్దాల కిటికీలున్నాయి. చూడనిస్తారేమో అడగండి. పుస్తకం దొరకని రోజున కూడా ఆ ప్రయాణం వృథా అనిపించదు.

అక్కడ అంతపెద్ద కేటలాగు చూసి బెదిరిపోకండి. పేరు తెలిస్తే పేరు, రచయిత తెలిస్తే రచయిత, ఏదీ గుర్తులేకపోతే గుర్తున్నది చెప్పండి. “1970ల్లో ఓ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, హీరోయిన్ టీచరు” అన్న ఆనవాలు పట్టుకుని నేను పుస్తకం వెతికి ఇచ్చిన సందర్భం ఉంది. రెండు వారాలు పట్టింది. ఆవిడ లడ్లు తెచ్చారు, లోపల తినకూడదన్న రూలు నేనే తప్పాను.

ఇదే ఊళ్లో, మద్రాసు యూనివర్సిటీలో 1924లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు లైబ్రేరియన్‌గా చేరారు. అంతకుముందు లెక్కల మేష్టారు. చేరిన కొద్దిరోజులకే ఖాళీ గదిలో పనిలేక విసుగెత్తి, మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని కాలేజీకి వెళ్లి బతిమాలుకున్నారట. ఆయనే తర్వాత 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. అందులో రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలి అన్నది. పాఠకుడు అంటే తమిళం వచ్చినవాడు అని ఆయన రాయలేదు. ఈసారి కౌంటర్లో గొంతు పెగలకపోతే ఈ సంగతి గుర్తు చేసుకోండి. వాళ్లందరూ ఆ సూత్రాలు చదివే పరీక్ష పాసయ్యారు.

మీవారి సంగతికొస్తాను. ఉత్తరంలో నన్ను ఎక్కువ పట్టుకున్నది అదే. చూపు మెరుగవదని డాక్టరు చెప్పడం వేరు, చదువు అయిపోయిందనుకోవడం వేరు. కంటి ఆసుపత్రుల్లో లో విజన్ విభాగం అని ఉంటుంది. మిగిలిన చూపుతోనే పనిజరిగేలా భూతద్దాలు, దీపాలు, పెద్ద అక్షరాలు చూపించే పరికరాలు అక్కడ సరిచూసి ఇస్తారు. అక్కడికి తీసుకెళ్లారా? తీసుకెళ్లకపోతే ముందు అది. తర్వాత “సుగమ్య పుస్తకాలయ” అని ఒక ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో మొదలైంది. చూపు లేనివాళ్లతో పనిచేసే సంస్థల ద్వారా పేరు నమోదు చేసుకుంటే భారతీయ భాషల పుస్తకాలు వినొచ్చు. కావాల్సిన తెలుగు పుస్తకం అందులో లేకపోతే ఆ సంస్థనే అడగండి. అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాన్ని వినే రూపంలోకి మార్చుకోవడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేకుండా 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఇక్కడా మీ మంత్రం ఆ రెండో ప్రశ్నే. కొట్టూరుపురంలో అణ్ణా శతజయంతి లైబ్రరీ ఉంది కదా, 2010లో తెరిచినది, అక్కడ చూపు లేనివారికి బ్రెయిలీ విభాగం వేరుగా ఉంది. మీవారు ఈ వయసులో బ్రెయిలీ నేర్చుకుంటారని కాదు. ఫోను ఎలా వాడాలి, ఏ పుస్తకం వినే రూపంలో ఎక్కడ దొరుకుతుంది అన్నది తెలిసినవాళ్లు అలాంటిచోట ఉంటారు.

మీ అబ్బాయి “ఫోన్లో అన్నీ ఉన్నాయి” అన్నది ఇక్కడికి మాత్రం సగం నిజం. ఆ సగాన్ని అతని చేతే చేయించండి. ఫోన్ సెట్టింగుల్లో తెలుగు చదివి వినిపించే గొంతు పెట్టమనండి. పేపరు వాళ్ల వెబ్‌సైట్లో వార్త తెరిస్తే ఆ గొంతు చదువుతుంది. కొంచెం యంత్రంలా, ఒత్తులు మింగేస్తూ చదువుతుంది, మొదటివారం మీవారు తిడతారు. కానీ ఒక తిరకాసు ఉంది. నెట్లో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం పేజీల ఫొటోలే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి, మీరు చదువుకోవడానికి బంగారం. ఫొటోలో ఉన్న అక్షరం మాత్రం ఆ గొంతుకి అక్షరం కాదు. ఫొటోలు కాకుండా అక్షరాలుగా మార్చి పెట్టిన పుస్తకాలైతేనే అది నేరుగా చదవగలదు. అలాంటివి తెలుగు వికీసోర్స్‌లో దొరుకుతాయి, శతకాలూ పాత వచనమూ. ఈ తేడా తెలియక చాలామంది “ఫోను తెలుగు చదవట్లేదు” అని మానేస్తారు.

యంత్రం సరే, సాయంత్రం అరగంట మీరే ఆయనకి చదివి వినిపించరూ? నవల తెచ్చుకునేది ఎలాగూ మీరే. ఆ అరగంటలో మనవరాలు పక్కన ఉంటే ఇంకా మంచిది.

మనవరాలి కోసం స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. పిల్లల బొమ్మల కథలు ఉచితంగా, చాలా భాషల్లో. చాలా కథలు అటు తమిళంలోనూ ఇటు తెలుగులోనూ ఉంటాయి, బొమ్మలు అవే. పాప తమిళంలో ఒక పేజీ చదువుతుంది, అదే పేజీ మీరు తెలుగులో చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరం మీద భయం ఉండదు. ప్రింటు తీసి కుట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు, ఆ అనుమతితోనే పెట్టారు. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1947 జూలైలో ఈ మద్రాసులోనే చందమామ తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ ఒకేసారి మొదలయ్యాయి. కథ ఒకటే, బొమ్మ ఒకటే, వీధికో భాష. పాత సంచికలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే తెచ్చుకోండి.

లైబ్రరీలో పిల్లల మూల ఎలాగూ ఉంటుంది, వేసవిలో కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం వంటివీ పెడుతుంటారు. కొట్టూరుపురంలోనైతే పిల్లల విభాగం మధ్యలో చెట్టు కట్టారు, దానికింద కూర్చుని చదువుకోవచ్చు. అంత దూరం నెలకోసారి చాలు. పరీక్షలకి చదివే పిల్లలకు సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చునే హాలు కూడా అక్కడ ఉంది. మీ చుట్టాల్లో ఎవరైనా ఉద్యోగపరీక్షకి ప్రైవేటు రీడింగ్ రూముకి నెలనెలా డబ్బు కడుతుంటే చెప్పండి.

ఇన్ని చెప్పినా మీ అబ్బాయి “ఏం కావాలో చెప్పు, ఆన్‌లైన్లో తెప్పిస్తా” అంటాడు. పాపం, ప్రేమతోనే అంటాడు. తెప్పించనివ్వండి. కానీ పొద్దున పదింటికి చీర మార్చుకుని, కొప్పు సర్దుకుని, ఒక చోటికి వెళ్లి, ఏమీ కొనకుండా రెండు గంటలు ఫ్యాను కింద కూర్చుని రావడం ఆన్‌లైన్లో రాదు. గుడి తర్వాత మనలాంటివాళ్లకి ఊళ్లో అలాంటి చోటు ఇంకొకటి లేదు. నా కౌంటర్ ముందు మూడేళ్లపాటు రోజూ వచ్చి పేపర్లో పెళ్లి ప్రకటనలు మాత్రమే చదివి వెళ్లిపోయే ఒకాయన ఉండేవారు. పిల్లలకి పెళ్లిళ్లయిపోయాయట. నేనెప్పుడూ ఎందుకని అడగలేదు.

ఈ శనివారం పాపని వెంటబెట్టుకు వెళ్లండి. బోర్డు మీద వేళలు పాప చేత చదివించండి. ఆవిడ మళ్లీ “ఎన్న వేణుం?” అంటే “తెలుంగు పుత్తగం ఇరుక్కా?” అనండి. ఆవిడ “ఇల్లై” (లేదు) అని అంటే, “వేరే ఎంగే కిడైక్కుం?” (ఇంకెక్కడ దొరుకుతుంది?) అని అడగండి, అది మీ రెండో ప్రశ్న. ఇంట్లో పాపతో పదిసార్లు అనిపించుకుని వెళ్లండి. మీ యాసకి అది నవ్వుతుంది, నవ్వనివ్వండి.

ఇక ఆ పెట్టెలో పుస్తకం. ఇరవై ఏళ్లకి రోజు లెక్కన ఫైను కడితే ఎంతవుతుందో అని లెక్కలేసి భయపడుతున్నట్టున్నారు. ఇన్నేళ్ల తర్వాత పుస్తకం తిరిగి తెచ్చిన మనిషిని చూసి నేనైతే కుర్చీ వేసేదాన్ని. ఫైను అడిగినా పుస్తకం ఖరీదు దాటి అడిగినవాళ్లని నేను చూడలేదు. పొరపాటున కూడా పెరంబూరు లైబ్రరీకి విరాళంగా ఇచ్చేయకండి, దాని మీద కావలి ముద్ర ఉంది, అది వాళ్ల స్టాకు. వెనక అట్ట లోపల తేదీల చీటీ అతికించి ఉంటుంది, చింపకండి. అందులో మీకంటే ముందు తీసుకున్నవాళ్ల తేదీలు కూడా ఉంటాయి. సంక్రాంతికి ఊరెళ్తారుగా, అప్పుడు పట్టుకెళ్లండి. ఈలోగా ఎలాగూ మీ దగ్గరే ఉంది కాబట్టి, సాయంత్రాలు మీవారికి చదివి వినిపించేది దానితోనే మొదలుపెట్టండి.